కీళ్ళ నొప్పికి నడుం కొలత ఎందుకు?

చేతివేళ్ళ కీళ్ళు వాచి ఆసుపత్రికి వచ్చినవారికి నడుం చుట్టూ టేపు పెడితే చాలామంది నొచ్చుకుంటారు. "నొప్పి చేతులకైతే పొట్ట కొలుస్తారేమిటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శరీరం బరువు మోకాళ్ళ మీద పడుతుంది కాబట్టి లావైనవారికి మోకాళ్ళు అరుగుతాయని అందరికీ తెలుసు. కాని మనం చేతివేళ్ళ మీద నడవము కదా! అయినా లావుగా ఉన్నవారిలో వేళ్ళ కీళ్ళు అరగడం కూడా ఎక్కువగానే కనబడుతుంది. అంటే కొవ్వు చేసే కీడు బరువు ఒక్కటే కాదన్నమాట.

పూర్వం కొవ్వును సరుకు నిలవ చేసే కొట్టు లాంటిదనుకునేవారు. 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనుకు మూలమైన జన్యువును కనుగొన్న తర్వాత ఈ అభిప్రాయం మారింది. కొవ్వు కణాలు కూడా థైరాయిడ్ గ్రంథి లాగే హార్మోన్లను తయారుచేసి రక్తంలోకి వదులుతాయని తేలింది.

లెప్టిన్ ముఖ్యమైన పని "నిల్వలు చాలు, ఇక తినవద్దు" అని మెదడుకు కబురు పంపడం. అదే హార్మోను రోగనిరోధక కణాలను కూడా రెచ్చగొడుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతంలో ఆ కణాలు దారి తప్పి మన కీళ్ళ లోపలి పొర మీదే దాడి చేస్తాయి. కీలు వాచి, వేడెక్కి, చివరకు ఎముక దెబ్బతింటుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు నుండి లెప్టిన్‌తో పాటు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు పెంచే పదార్థాలు కూడా వెలువడుతాయి. ఈ వ్యాధికి వాడే ఖరీదైన ఇంజెక్షన్లలో చాలా వరకు అడ్డుకునేది ఈ రెండింటినే! ఒకవైపు మందుతో మంట ఆర్పుతూ, మరోవైపు పొట్ట పెంచుకోవడం అగ్నికి ఆజ్యం పోయడమే.

అయితే ఈ హార్మోన్లను మంచివి, చెడ్డవి అని విడదీయడం అంత సులభం కాదు. అడిపోనెక్టిన్ అనే మరో కొవ్వు హార్మోను మధుమేహం రాకుండా కాపాడుతుంది. కాని రుమటాయిడ్ కీళ్ళలో అది ఎక్కువగా ఉండి, కీలు దెబ్బతినడానికి తోడ్పడుతున్నట్లు కనబడుతోంది. అందుచేత "హార్మోన్లను సరిచేసే పొడి" అంటూ వచ్చే ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఈ విషయంలో రెండు పొరపాట్లు జరుగుతున్నాయని మా అభిప్రాయం.

మొదటిది, నెపమంతా లావు మీదికి నెట్టడం. "ఒళ్ళు తగ్గించుకో, నొప్పులు అవే పోతాయి" అని ఇరుగుపొరుగువారు సలహా ఇస్తారు. రుమటాయిడ్ వ్యాధి సన్నగా ఉన్నవారికీ వస్తుంది. వంశపారంపర్యం, పొగ తాగడం వంటి కారణాలూ ఉన్నాయి. పురుషులకంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఒళ్ళు తగ్గాక చూద్దామని నెలలు గడిపితే, ఆ తొలి నెలల్లోనే కీళ్ళు దెబ్బతినడం మొదలుకావచ్చు. పైగా నొప్పి వల్ల కదలలేక లావెక్కినవారిని పట్టుకుని, లావెక్కినందుకే నొప్పి వచ్చిందని నిందించడం ఏం న్యాయం?

రెండవది, బరువు సంగతే ఎత్తకుండా మాత్రలతో సరిపెట్టడం. స్థూలకాయం ఉన్నవారిలో అవే మందులు వాడినా వ్యాధి పూర్తిగా అదుపులోకి రావడం తక్కువ. ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ మాత్రలు మూడు రోజుల్లో హాయినిస్తాయి. కాని నెలల తరబడి మింగితే ఆకలి పెరిగి, ముఖం, పొట్ట ఉబ్బుతాయి. నొప్పి తగ్గించే మాత్రే కొవ్వును పెంచుతుంది. అలాగని హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

కనుక మందూ, నడుం కొలతా రెండూ ఒకే చికిత్సలో భాగం కావాలని మేము కోరుతున్నాము. మనవారిలో చూడటానికి సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారు చాలామంది. అందువల్ల బరువు తూచే మిషన్ ఒక్కటే చాలదు. నడుం కొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. అమెరికాలో మోకాళ్ళ అరుగుదల ఉన్న 454 మందిని 18 నెలలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఆహార నియమం, వ్యాయామం రెండూ పాటించి పదో వంతు బరువు తగ్గినవారిలో నొప్పీ, రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 కూడా తగ్గాయి. అది అరుగుదల వ్యాధి మీద జరిగిన పరిశీలనే అయినా, కొవ్వు తగ్గితే వాపు పదార్థాలూ తగ్గుతాయనడానికి అది మంచి సాక్ష్యం.

మరి ఏం చేయాలి? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుండి 45 శాతానికి మించకూడదు. అంటే కంచంలో అన్నం తగ్గి, పప్పు, కూరలు పెరగాలి. కీళ్ళు బాగా వాచి ఉన్నప్పుడు విశ్రాంతి తీసుకోండి. వాపు తగ్గాక సఫిల్‌గూడ చెరువు గట్టు మీదనో, మీ వీధిలోనో పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి. మెథోట్రెక్సేట్ మాత్రను ఈ వ్యాధికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు. బరువు తగ్గిందని దాన్ని మీ అంతట మీరు మానవద్దు.

ఉదయం లేవగానే అరగంటకు పైగా కీళ్ళు బిగుసుకుపోయి, చేతుల చిన్న కీళ్ళు వాచి ఉంటే ఆలస్యం చేయక వైద్యులను సంప్రదించండి. అవసరమైతే పంజగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. అమ్మకు వేరుగా పథ్యం వండుకోమని చెప్పి మిగిలినవారు వేపుళ్ళు తింటే ఆ పథ్యం వారం కూడా సాగదు. ఇంటిల్లిపాదికీ ఒకే వంట కానివ్వండి. ఆ నడుం టేపు కూడా ఇంట్లో అందరికీ పెట్టి చూడండి.