సరుకు సరే, పెట్టె సంగతేమిటి?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు పురుగు పట్టదు. పంపులకూ, వాల్వులకూ, సిరామిక్ టైల్స్‌కూ పట్టదు. అయినా ఇలాంటి సరుకుతో వెళ్లిన కంటైనర్లు పరాయి దేశపు రేవులో పురుగు పేరు మీదే ఆగిపోతుంటాయి. అక్కడి అధికారి చూసేది రాతి పలకను కాదు, అది ఒరిగిపోకుండా చుట్టూ బిగించిన చెక్కను. పలక పాలిషుకు వెనకాడకుండా ఖర్చుపెట్టే వ్యాపారి, క్రేటు దగ్గరికి వచ్చేసరికి కోత మిల్లులో అన్నిటికంటే చవకగా దొరికే కలప తెమ్మంటాడు. ఒకసారి వాడి పారేసేదానికి మంచి చెక్క ఎందుకన్నది అతని లెక్క. బెరడు కూడా పూర్తిగా వదలని ఆ చవక కలపలోనే పురుగులు కాపురం పెడతాయి. రాయి, టైల్స్, లోహపు సామాను వెంట వచ్చే చెక్కను ముప్పు ఎక్కువున్న సరుకుగా అమెరికా తనిఖీ యంత్రాంగం ప్రత్యేకంగా చూడటానికి కారణం ఇదే.

ఈ తనిఖీకి ఆధారం ఐఎస్‌పీఎం-15 అనే ప్రమాణం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నీడలో నడిచే అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక కింద 2002లో దీన్ని ఆమోదించారు, 2009లో సవరించారు. సారాంశం చిన్నదే. ముడి కలపతో చేసిన ప్యాలెట్ అయినా, క్రేటు అయినా, సరుకు కదలకుండా అడ్డం పెట్టే చెక్కముక్క అయినా దేశం దాటే ముందు శుద్ధి కావాలి. శుద్ధి జరిగినట్టు దాని మీద ముద్ర ఉండాలి. జిగురు పెట్టి, వేడితో నొక్కి తయారుచేసే ప్లైవుడ్, పార్టికల్ బోర్డులకూ, 6 మిల్లీమీటర్లకు మించని పలుచని చెక్కకూ మినహాయింపు ఉంది.

నియమం ఊరికే పుట్టలేదు. 1996లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో వీధి చెట్లు ఉన్నట్టుండి ఎండిపోసాగాయి. చూస్తే నల్లటి ఒంటి మీద తెల్లమచ్చలు, ఒంటికంటే పొడుగాటి మీసాలున్న ఆసియా పెంకుపురుగు. చైనా నుంచి సరుకు తెచ్చిన చెక్క పెట్టెల్లో అది దిగిందని తేలింది. రెండేళ్లు తిరక్కుండానే షికాగోలో కనిపించింది. దాని పిల్లపురుగు కాండం లోపల ఉంటుంది కాబట్టి పైనుంచి మందు కొట్టినా అందదు. చెట్టు కొట్టేసి ముక్కలు చేయడమే మార్గం. 2008లో మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్‌లో ఇది బయటపడ్డాక ఆ ప్రాంతంలో 30 వేలకు పైగా చెట్లు నరికారు. 2002లో డెట్రాయిట్ దగ్గర గుర్తించిన పచ్చని పెంకుపురుగు ఉత్తర అమెరికాలో కోట్లాది యాష్ చెట్లను మాడ్చింది. 1999లో పైన్ చెట్లను చంపే నులిపురుగు పోర్చుగల్‌లో కనబడితే, చివరికి ఆ దేశం నుంచి పొరుగు దేశాలకు వెళ్లే ప్యాలెట్ల మీద కూడా ఆంక్షలు పడ్డాయి.

పరాయి పురుగు అంటే ఏమిటో తెలుగు రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. 2018లో కర్ణాటకలో తొలిసారి కనిపించిన కత్తెర పురుగు చూస్తుండగానే మన మొక్కజొన్న చేలకు పాకింది. 2021లో నల్ల తామరపురుగు గుంటూరు ప్రాంతపు మిర్చి తోటలను ఊడ్చేసింది. ఇవి చెక్క పెట్టెల్లో వచ్చాయని కాదు. కానీ ఒకసారి గడప దాటి లోపలికి వచ్చాక వెనక్కి పంపడం ఎవరి తరమూ కాదన్న సంగతి రెండు చోట్లా ఒక్కటే. అందుకే ఐఎస్‌పీఎం-15 పురుగును గమ్యంలో కాదు, బయల్దేరే చోటే చంపమంటుంది.

చంపే పద్ధతుల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది వేడి. చెక్క పైపొర కాదు, నడిమధ్య భాగం కూడా 56 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, అక్కడి నుంచి ఆగకుండా 30 నిమిషాలు ఆ వేడిలోనే ఉండాలి. రేకులతో కట్టిన గదిలో ప్యాలెట్లు పేరుస్తారు. ఫ్యాన్లు వేడిగాలిని తిప్పుతుంటాయి. అన్నిటికంటే మందంగా ఉన్న చెక్కకు డ్రిల్లుతో రంధ్రం చేసి, ఉష్ణోగ్రత కొలిచే తీగను గుండె దాకా దింపి, సందు మూసేస్తారు. గది గాలి ఎప్పుడో వేడెక్కుతుంది, చెక్క గుండె మాత్రం నింపాదిగా వేడెక్కుతుంది. పచ్చి కలపైతే ఇంకా ఆలస్యం. నాలుగైదు చోట్ల దింపిన తీగల్లో అన్నిటికంటే వెనకబడినది 56 దాటినప్పుడే గడియారం మొదలవుతుంది. గది గాలిని చూసి స్విచ్చి కట్టేస్తే లోపలి పురుగు నిక్షేపంగా బతుకుతుంది. డీజిల్ బిల్లు తగ్గించుకోవాలనుకునేవాడు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే.

రెండోది మిథైల్ బ్రోమైడ్ వాయువు. టార్పాలిన్ కింద కనీసం 24 గంటలు పట్టించాలి. గది కట్టే ఖర్చు లేదు కాబట్టి చాలామందికి ఇదే సుళువు. అయితే ఆ వాయువు ఓజోన్ పొరను తింటుంది. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం అభివృద్ధి చెందుతున్న దేశాలు కూడా 2015 నాటికి దీని మామూలు వాడకం మానుకోవాలి. క్వారంటైన్ అవసరాలకు మాత్రం మినహాయింపు మిగిలింది. ఐరోపా సమాఖ్య 2010లో తన నేల మీద ఆ వాడకాన్నీ ఆపేసింది. మనిషికీ విషమే. రంగు, వాసన లేకపోవడం వల్ల లీకైనా తెలియదు. 20 సెంటీమీటర్లకు మించిన మందం ఉన్న దుంగలకు ఇది పనికిరాదని ప్రమాణమే చెబుతోంది. మినహాయింపు శాశ్వతమని నమ్ముకుని కూర్చునే ఎగుమతిదారు రేపు ఇబ్బంది పడక తప్పదు.

శుద్ధి అయ్యాక పడేదే ముద్ర. ఒక పక్క కంకి బొమ్మ, మరో పక్క దేశానికి రెండక్షరాలు, శుద్ధి చేసిన సంస్థ నంబరు, వేడి అయితే హెచ్‌టీ, వాయువు అయితే ఎంబీ. చేత్తో గీయకూడదు. ఎరుపు, నారింజ రంగులు వాడకూడదు. వీలైనంతవరకు కనీసం రెండు ఎదురెదురు ముఖాల మీద కనబడాలి. దీనితోపాటు వేరే ధ్రువపత్రం అక్కర్లేదు, ముద్రకు గడువు తేదీ కూడా లేదు. ప్రపంచ వాణిజ్యంలో ఇంత తేలికగా సరిహద్దు దాటించే కాగితం మరొకటి కనబడదు. బలహీనత కూడా అందులోనే ఉంది. స్టెన్సిలు, డబ్బాడు నల్లరంగు ఉంటే ముద్ర తయారు.

ఈ ముద్ర బరువు చిన్న ఎగుమతిదారు మీద ఎలా పడుతుందో చూడాలంటే అరియాంకుప్పం మంచి చోటు. పుదుచ్చేరి నగరానికి దక్షిణాన, కడలూరు దారిలో ఉన్న ఈ పట్టణం పక్కనే, నది ఒడ్డున అరికమేడు ఉంది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు రోమన్ లోకంతో వ్యాపారాన్ని పట్టిచ్చింది ప్రధానంగా ప్యాకింగే. సముద్రం దాటి వచ్చిన ద్రాక్షసారా ఆనవాలు లేకుండా పోయినా, దాన్ని మోసుకొచ్చిన ఆంఫోరా కూజాల పెంకులు మిగిలాయి. ఇటలీ నుంచి వచ్చిన ఎర్రటి అరెటైన్ పాత్రల మీద కుమ్మరుల పేరు ముద్రలూ దొరికాయి. దూరదేశపు కొనుగోలుదారుకు తయారీదారు ఎవరో చెప్పే ముద్ర ఈ ఒడ్డుకు రెండు వేల ఏళ్లుగా పరిచయమే.

ఆనాటి రేవు ఇప్పుడు లేదు. అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోట ఉన్న పుదుచ్చేరి రేవు పెద్ద కంటైనర్ ఓడలకు చాలదు. ఇక్కడి చేతి కాగితం, హస్తకళా వస్తువులు, యంత్ర భాగాలు విదేశాలకు వెళ్లాలంటే దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నై బాట పట్టాల్సిందే. ఈ ఊళ్లో ఒక చిన్న కార్ఖానా నెలకు పది క్రేట్లు పంపుతుందనుకోండి. పది క్రేట్ల కోసం దాని యజమాని వేడిగది కట్టుకోలేడు. దూరంలో ఉన్న గదికి ఖాళీ పెట్టెలు మోయించుకుని, మళ్లీ తెచ్చుకుని సరుకు నింపితే కిరాయే తడిసి మోపెడవుతుంది. సరే, ముద్ర వేసిన చెక్క కొందామంటే కొలతలు కుదరవు. కోసి అతికిస్తే ముద్ర ఉన్న భాగం తుంపుల్లో పోతుంది. అప్పుడొక మధ్యవర్తి వచ్చి, శుద్ధీ ముద్రా అన్నీ తానే చూసుకుంటానంటాడు. అతని చెక్క నిజంగా గదిలోకి వెళ్లిందో లేదో ఈ కార్ఖానా యజమానికి తెలిసే దారి లేదు. కంటైనర్ తిరుగు టపాలో వచ్చినప్పుడు నష్టం మాత్రం ఆయనదే.

పాత ప్యాలెట్ల బజారుది మరో కథ. దిగుమతి సరుకుతో వచ్చిన ప్యాలెట్లు చేతులు మారి, మేకులు మారి మళ్లీ ఎగుమతికి ఎక్కుతాయి. ఇది తప్పు కాదు, కలప ఆదా కూడా. కానీ ప్రమాణం గీత గీసింది. మూడో వంతు దాకా చెక్కలు మారిస్తే అది మరమ్మతు. కొత్తగా కొట్టిన ప్రతి ముక్కా శుద్ధి అయినదై, విడిగా ముద్ర ఉన్నదై ఉండాలి. మూడో వంతు దాటితే అది కొత్త ప్యాలెట్ కిందే లెక్క. పాత ముద్రలన్నీ చెరిపి, మళ్లీ శుద్ధి చేసి, మళ్లీ ముద్ర వేయాలి. ఎక్కడో జర్మనీ ముద్ర ఉన్న ప్యాలెట్‌కు నడుమ పచ్చి మామిడి చెక్క కొట్టి పంపితే, ముద్ర నిజమే, ప్యాలెట్ అబద్ధం. ఈ తేడా మేకు కొట్టే కుర్రాడికి ఎవరూ చెప్పడం లేదు.

ఇదంతా సంపన్న దేశాలు మన ఎగుమతులకు వేసిన అడ్డుగోడ అని కొందరు పారిశ్రామికవేత్తలు విసుక్కుంటారు. ఆ మాట నిలవదు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం భారత్ కూడా తన గడప తొక్కే చెక్క ప్యాకింగ్‌కు ఇదే ముద్ర అడుగుతోంది. పైగా పద్ధతి పనిచేస్తోందనడానికి లెక్క ఉంది. నియమం అమలయ్యాక అమెరికా రేవుల్లోకి పురుగు పట్టిన చెక్క రాక 36 నుంచి 52 శాతం దాకా తగ్గిందని 2014లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. సగం విజయమే. మిగిలిన సగానికి కారణాల్లో దొంగ ముద్రలు, అరకొర శుద్ధి ఉన్నాయి. ముద్ర ఉన్న చెక్కలోనే బతికున్న పురుగులు దొరుకుతుండటంతో అమెరికా కస్టమ్స్ ఓపిక నశించింది. ఏడాదిలో ఐదు ఉల్లంఘనల దాకా ఊరుకునే పాత పద్ధతికి 2017 నవంబరు 1 నుంచి స్వస్తి చెప్పి, మొదటి తప్పుకే జరిమానా వేయవచ్చని ప్రకటించింది.

దొంగ ముద్ర వేసినవాడు ఒక్కడే నష్టపోతే అది అతని ఖర్మ. కానీ ఒక దేశపు ముద్ర మీద అనుమానం పుడితే ఆ దేశం నుంచి వచ్చే ప్రతి కంటైనర్ తలుపూ తెరుస్తారు. నిజాయితీగా డీజిల్ కాల్చినవాడి సరుకూ వరసలో నిలబడుతుంది. కాబట్టి ముద్రను ప్రైవేటు సంస్థకూ దాని ఖాతాదారుకూ మధ్య వ్యవహారంగా చూడటం పొరపాటు. అది ఉమ్మడి ఆస్తి. దాన్ని కాచే పని ప్రభుత్వానిది, ఖర్చులో కొంత భాగం కూడా ప్రభుత్వానిదే కావాలి.

యంత్రాంగం లేకపోలేదు. ఫరీదాబాద్‌లోని మొక్కల రక్షణ, క్వారంటైన్, నిల్వ డైరెక్టరేట్ వేడిగదులకూ, ఫ్యూమిగేషన్ సంస్థలకూ గుర్తింపు ఇస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ శిక్షణ ఇస్తుంది. లోటు ఉన్నది చివరి మైలులో. పుదుచ్చేరి పారిశ్రామిక వాడల్లోనూ, చీమకుర్తి లాంటి చోట్లా చిన్న యూనిట్లన్నీ బాడుగకు వాడుకునే ఉమ్మడి వేడిగది ఒకటి ఉంటే మధ్యవర్తి ముద్రతో పని తగ్గుతుంది. వేడి నమోదయ్యే యంత్రం చార్టు సంస్థ అల్మారాలో మూలగకుండా, ముద్ర నంబరు కొడితే కొనుగోలుదారు ఫోన్‌లో కనబడే ఏర్పాటు పెద్ద ఖర్చు కాదు. ముందు చెప్పి వెళ్లే తనిఖీ బదులు చెప్పకుండా వెళ్లే తనిఖీ ఉండాలి. శిక్షణ గది యజమానితో ఆగకుండా, ప్యాలెట్ కొట్టే వడ్రంగి దాకా, అతనికి వచ్చిన తెలుగులోనో తమిళంలోనో చేరాలి. ఈ నాలుగింటిలో పార్లమెంటులో కొత్త చట్టం కావాల్సింది ఒక్కటీ లేదు. ఉమ్మడి గది మాట ముందుగా తేల్చాల్సింది పరిశ్రమల శాఖలు. పెట్టె శుద్ధికి ఊళ్లోనే చోటు చూపించాక, శుద్ధి చేయని పెట్టెను గేటు దగ్గరే ఆపే హక్కు అధికారులకు దానంతటదే వస్తుంది.