విత్తన ప్యాకెట్టుపై కానరాని చేతులు

తినే పదార్థం హలాలా, హరామా అని విచారించడం ముస్లిం ఇళ్లలో చిన్ననాటి నుంచే నేర్పుతారు. దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో హలాల్‌తో పాటు 'తయ్యిబ్' అనే మాట కూడా ఉంది. ధర్మసమ్మతం కావడమే కాదు, పరిశుద్ధం కూడా కావాలని దాని భావం. ఈ విచారణ వంటింటి గడప దాటి విత్తనాల దుకాణం దాకా రావాలి.

తొలకరి పడగానే నరసరావుపేట, మాచర్ల, గురజాల దుకాణాల్లో పత్తి విత్తనాలు కొనే రైతుల్లో మన కుటుంబాలూ ఉన్నాయి. పత్తి ఏకి పరుపులు కుట్టి బతికిన దూదేకుల సోదరులకైతే పత్తితో తరతరాల బంధం. 1966 నాటి విత్తన చట్టం ప్రకారం ప్యాకెట్టు మీద రకం పేరు, మొలకశాతం, స్వచ్ఛత ముద్రిస్తారు. ఆ విత్తనం వెనుక ఉన్న చేతులెవరివో మాత్రం ముద్రించరు.

సంకర పత్తి విత్తనం దానంతటది తయారు కాదు. సాయంత్రం ఒక్కో మొగ్గలోని పుప్పొడి భాగాన్ని గిల్లి తీసేయాలి. మర్నాడు ఉదయం మరో రకం పూల పుప్పొడిని దానికి అద్దాలి. 'క్రాసింగ్' అనే ఈ పనికి 1990లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన చేలల్లో ఎక్కువగా 14 ఏళ్లలోపు ఆడపిల్లలనే పెట్టారు. తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లలను బడి మాన్పించారు. పురుగుమందు చల్లిన చేలలోనే వారు పనిచేశారు. కంపెనీ ఇచ్చే ధరకు పెద్దల కూలి గిట్టదన్నది రైతుల వాదన. 2016 చట్ట సవరణ 14 ఏళ్లలోపు పిల్లలను కూలికి పెట్టడాన్ని అన్ని పనుల్లోనూ నిషేధించింది. అయితే చట్టం ప్రతి చేనుకూ కాపలా కాయలేదు.

ఇందుకు ఒక దారి మన దేశంలోనే ఉంది. 1994లో కైలాష్ సత్యార్థి తదితరుల కృషితో తివాచీలకు 'రగ్‌మార్క్' అనే గుర్తు వచ్చింది. గుర్తు మీది నంబరును బట్టి తివాచీ ఏ మగ్గం మీద నేసిందో తెలుసుకోవచ్చు. తనిఖీదారులు ముందుగా చెప్పకుండా మగ్గాల దగ్గరకు వెళ్తారు. దిగుమతిదారుల రుసుములో కొంత పిల్లల చదువుకు పోతుంది. 2009 నుంచి దీని పేరు గుడ్‌వీవ్.

గుర్తు ఒక సాక్ష్యం. ఇస్లాంలో అబద్ధపు సాక్ష్యం మహాపాపం. తనిఖీ లేని గుర్తు అలాంటిదే. పెద్దల కూలికి సరిపోని ధర కట్టి గుర్తు మాత్రం అడిగే కంపెనీది కూడా తప్పుడు తూకమే. తూనికల్లో మోసగించేవారిని హెచ్చరించే ముతఫ్ఫిఫీన్ సూరాను మనం నమాజులో వింటూనే ఉన్నాం.

పిల్లల కూలి ఆగితే పేద ఇల్లు గడిచేదెలా అని కొందరంటారు. పిల్లలు చవకగా దొరికినంత కాలం వారి తల్లిదండ్రులకు సరైన కూలి దక్కదన్నదే దీనికి జవాబు.

కనుక ప్యాకెట్టు కొనేటప్పుడు దుకాణదారుని అడగండి: ఈ విత్తనం పిల్లల చేత చేయించింది కాదని కంపెనీ రాసిస్తుందా? ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఊరి రైతులంతా కలిసి అడిగితే కంపెనీకి కబురు పంపక తప్పదు. అంతకన్నా ముందు, మన మిరప కోతలకు బడి పిల్లలను పిలవడం మానుకుందాం. మన చేను నిర్మలంగా ఉంటేనే ఇతరులను ప్రశ్నించే నోరు మనకుంటుంది.

మన రాబడిని హలాల్‌గానే గాక తయ్యిబ్‌గా కూడా చేసుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.