కిరణం తగిలేది ఒక కణానికి.. కలత పొరుగు కణాలకు

పులివెందుల: వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గనులకు 2007లో శంకుస్థాపన జరిగింది. నాటి నుంచి పరిసర పల్లెల్లో రేడియోధార్మికతపై ఎంత చర్చ జరిగినా అది పరిమితుల చుట్టూనే తిరుగుతున్నది. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు, కార్మికులకు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు.. ఇదీ లెక్క. అయితే ఇది అవయవం మొత్తానికి కట్టే సగటు. జీవకణాల స్థాయిలో జరిగేది వేరు.

1992లో అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు నాగసావా, లిటిల్ హ్యామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు జీవకణాలపై అతి స్వల్పంగా ఆల్ఫా కిరణాలను ప్రసరింపజేశారు. కిరణం దూసుకుపోయిన జీవకణాలు నూటికి ఒకటి కూడా లేవు. క్రోమోజోముల్లో మార్పులు మాత్రం నూటికి 30 జీవకణాల్లో కనిపించాయి! మానవ జీవకణాలదీ ఇదే తీరని తరువాతి ప్రయోగాలు తేల్చాయి. ఆనుకొని ఉన్న జీవకణాల నడుమ కనెక్సిన్ అనే ప్రోటీనుతో ఏర్పడిన సన్నని ద్వారాలుంటాయి. పొరుగిళ్ల మధ్య గోడకు పెట్టిన కిటికీల వంటివివి. దెబ్బతిన్న కణం వీటి గుండా సంకేతాలు పంపుతుంది. రసాయనంతో ఆ ద్వారాలను మూసివేసినప్పుడు పొరుగు కణాల స్పందన తగ్గింది. 1997లో మదర్‌సిల్, సేమూర్ మరో దారి చూపారు. కిరణాలు సోకిన మానవ చర్మకణాలు పెరిగిన ద్రవాన్ని సోకని కణాలపై పోయగా, వాటిలోనూ కొన్ని నశించాయి.

ఈ విషయం తుమ్మలపల్లెకు సంబంధం లేనిది కాదు. యురేనియం క్రమంగా క్షయమవుతూ రాడాన్ వాయువును పుట్టిస్తుంది. భూగర్భ గనిలో ఊపిరితోపాటు లోనికి చేరే దాని సంతతి మూలకాలు ఊపిరితిత్తుల్లో వెలువరించేవి ఆల్ఫా కిరణాలే. రాడాన్ ఊపిరితిత్తుల క్యాన్సరు కారకమన్నది రుజువైన సత్యం.

అలాగని భయోత్పాతం తగదు. కొన్ని సంకేతాలు చెడిన కణాలను స్వయంగా నశింపజేసి మేలు చేస్తాయి కూడా. కేరళలోని కరునాగపల్లి తీరంలో సహజ రేడియోధార్మికత అధికమైనా, క్యాన్సరు పెరిగినట్లు 2009లో ప్రచురితమైన అధ్యయనంలో కానరాలేదు. కాకపోతే అక్కడ ప్రధానంగా ఇసుక నుంచి బయటి నుంచి సోకే గామా కిరణాలు, గనిలో ఊపిరితో లోనికి పోయే ఆల్ఫా. రెంటినీ ఒకే త్రాసులో తూచలేము. మన వేదికలపై తరచూ కలగాపులగమయ్యే మాట మరొకటుంది. బోరునీటిలో యురేనియం చేరితే ముందుగా చూడవలసినది దాని రసాయన గుణం వల్ల మూత్రపిండాలకు కలిగే హానిని, కిరణాలను కాదు.

సగటు అంకె ఒక్కటే చూపితే పల్లెవాసి సందేహం తీరదు. గనిగాలి బయటకు వచ్చే చోట నెలనెలా రాడాన్ కొలతలు, కార్మికుడికి అందిన మోతాదు వివరాలు తెలుగులో అందించాలి. కొలతలను పంచాయతీ కార్యాలయం గోడపై అంటించడానికి ఖర్చయ్యేది కాగితం, జిగురు మాత్రమే.