వేడి సాంబారుకు పల్చటి కవరా?

కర్రీ పాయింటులో సాంబారు కట్టించుకొస్తున్నారా? ఆ కవరును ఒక్కసారి పట్టి చూడండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్ట్రాలను కేంద్రం 2022 జులై 1 నుంచి నిషేధించింది. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదంది. దాంతో కొన్ని దుకాణాల్లో సంచి కాస్త మందమైంది, అంతే. పొగలు కక్కే సాంబారు మాత్రం ఇప్పటికీ పల్చటి కవర్లోనే, మూతికి దారం చుట్టుకుని వస్తోంది.

ఆరోగ్యం మాటకొస్తే, సంచి కంటే ఈ కవరే అసలు సమస్య. ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి దిగడానికి వేడి, నూనె, పులుపు తోడ్పడతాయి. మన పులుసులో ఆ మూడూ ఉంటాయి! పోనీ కాగితం కప్పు మేలా అంటే, దాని లోపలా పల్చటి ప్లాస్టిక్ పొరే. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో వేడి నీళ్లు పోసి చూస్తే, 15 నిమిషాల్లో 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరాయి.

జిడ్డంటిన కవరును పాత సామాన్లవాళ్లూ తీసుకోరు. తడి చెత్తలో కలిస్తే ఎరువూ పాడే. అందుకే స్టీలు క్యారేజీ పట్టుకెళ్లండి. కడగాలి, నిజమే, రెండు గిన్నెలే కదా! అదీ కుదరని రోజున, ఇంటికి రాగానే కవరు విప్పి గిన్నెలోకి వంపేయండి. మిగిలిన కూరను కవరుతో సహా ఫ్రిజ్‌లో పెట్టకండి.