ఫొటోలో లేని తలంబ్రాలు

పెండ్లి అన్న తరువాత ఏదో ఒక తగాదా ఉండనే ఉంటుంది. మగపెండ్లివారి అలక, విడిదిలో కాఫీ చల్లారిపోవటం, మూడో పంక్తికి పెరుగు చాలకపోవటం, మేళగాళ్ళ తాంబూలంలో డబ్బు తక్కువైందని సణుగుడు — ఇవన్నీ మనం ఎరిగినవే. వీటికొక మంచి గుణం ఉంది. పుట్టిన చోటనే చస్తాయి. అప్పగింతల వేళకు అందరి కళ్ళూ చెమ్మగిల్లుతాయి, ఆ తడిలో అవీ కొట్టుకుపోతాయి.

కాని ఈ మధ్య కొత్తరకం తగాదా ఒకటి వచ్చి పడింది. ఇది పందిరి విప్పిన తరువాత పుడుతుంది. ఆర్నెల్లో ఏడాదో పెరుగుతుంది. ముదిరితే కోర్టు మెట్లెక్కుతుంది. అదే పెండ్లివారికీ ఫొటోగ్రాఫరుకూ నడుమ వచ్చే తగాదా.

వెనకటి రోజుల్లో ఈ బాధ లేదు. టౌను నుంచి స్టూడియో ఆయన మూడు కాళ్ళ స్టాండు మోసుకొని వచ్చేవాడు. నల్లగుడ్డలో తల దూర్చి, అందరినీ ఊపిరి బిగబట్టమని, ఒక్క గ్రూపు ఫొటో తీసి, భోజనం చేసి వెళ్ళేవాడు. అందులో పెండ్లికొడుకు కళ్ళు మూసుకొని ఉన్నా సరే, దానికే ఫ్రేము కట్టించి నట్టింట తగిలించుకొనేవాళ్ళు. ఇప్పుడో? నలుగుకు ఒక కెమేరా, స్నాతకానికి ఒక కెమేరా, పందిరి మీద తూనీగలాగా తిరిగే డ్రోను, పెండ్లికి ముందే వధూవరులను లేపాక్షిదాకా తీసుకుపోయి తీసే సినిమా పాట, చివరికి ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవని ఆల్బం. ఈ ఖర్చు వంటవాళ్ళ ఖర్చుతో పోటీ పడుతున్నది. ఇంత డబ్బు పోసిన చోట మాట రాకుండా ఎట్లా ఉంటుంది?

మా అనంతపురం సీమలో దీనికి మరి రెండు మెలికలు ఉన్నాయి.

మొదటిది వాన. పడమటి కనుమల చాటున పడిపోయిన నేల మాది. నైరుతి మేఘాలు కనుమల అవతలే బరువు దించుకుంటాయి, ఈశాన్యపు మేఘాలు కోస్తా దాటి వచ్చేసరికి వట్టిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. శనక్కాయలు ఇంటికి వచ్చిన తరువాతనే రైతు పెండ్లి ముహూర్తం పెట్టించుకుంటాడు. ఫొటోగ్రాఫరుతో బేరం కూడా అట్లాగే ఉంటుంది: బయానా ఇప్పుడు, తక్కినది కాయలు అమ్మినాక. కాయ ఊడల దశలో ఉండగా వాన మొహం చాటేసిందా, ఆ ‘తక్కినది’ అలాగే నిలిచిపోతుంది. ఆల్బం స్టూడియో బీరువాలో దుమ్ము పట్టి ఉంటుంది.

రెండోది పంచాంగం. ఇది ఒక్క మా జిల్లాకే కాదు, తెలుగువారందరికీ వర్తిస్తుంది. ఆషాఢమూ, శూన్యమాసాలూ, మూఢాలూ పోగా మిగిలిన నాలుగు గట్టి ముహూర్తాలకు ఊరూరా పెండ్లే. ఒకే తెల్లవారుజామున కదిరిలో ఒకటి, ధర్మవరంలో ఒకటి, కల్యాణదుర్గంలో ఒకటి. ఫొటోగ్రాఫరు దేనినీ వదులుకోలేడు, ఎందుకంటే రాబోయే మూఢంలో అతని ఇంట్లో పొయ్యి వెలగాలి. అందుకని తాను ఒక చోటికి వెళ్ళి, తమ్ముణ్ణి ఒక చోటికి పంపి, నిన్నమొన్న కెమేరా పట్టిన కుర్రవాణ్ణి మూడో చోటికి తోలుతాడు. పెండ్లివారు మాట్లాడుకున్నది ఒకరిని, వచ్చినది మరొకరిని. ఆ కుర్రవాడు మాంగల్యధారణ సమయానికి బ్యాటరీ మారుస్తూ ఉంటాడు!

ఇక అసలు చిక్కు చూడండి. సాంబారు మాడితే మళ్ళీ కాయవచ్చు. పట్టుచీర రంగు వెలిస్తే మరొకటి నేయించవచ్చు. తలంబ్రాల ఫొటో రాకపోతే ఏం చేస్తారు? “మళ్ళీ పోయించండి, తీస్తాను” అనే మహానుభావులు లేకపోలేదు గాని, ఆ ఘడియ మళ్ళీ రాదు. ఇచ్చిన డబ్బు పైసాతో సహా వాపసు ఇచ్చినా నష్టం పూడదు. నష్టం డబ్బులో లేదు గనుక.

చట్టానికి ఈ సంగతి అర్థం కావటానికి చాలా కాలం పట్టింది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం, మాట తప్పినవాడు అందువల్ల సహజంగా కలిగిన నష్టాన్ని పూడ్చాలని 73వ సెక్షనులో చెప్పింది. కాని ఏడుపుకు వెల కట్టటం కోర్టులకు అలవాటు లేని పని. ఇతర దేశాల్లోనూ అంతే. స్కాట్లండులో ఒక పెండ్లికి వస్తానని ఒప్పుకున్న ఫొటోగ్రాఫరు అసలు రానే లేదు. పెండ్లికూతురు దావా వేసింది. ఆమె పొందిన ఆశాభంగానికి గాను 30 పౌనులు ఇమ్మని 1971లో అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. మొత్తం చిన్నదే. కాని ఒక ఫొటో లేని లోటు కూడా నష్టమేనని ఒప్పుకోవటం పెద్ద సంగతి.

మన దేశంలో ఆ తలుపు తెరిచినది 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. లక్నో నగరాభివృద్ధి సంస్థకు సంబంధించిన వ్యాజ్యంలో 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, మనిషి పడిన మనోవేదనకూ వేధింపుకూ కూడా ఈ చట్టం కింద పరిహారం ఇప్పించవచ్చునని స్పష్టం చేసింది. అది ఇంటికి సంబంధించిన తగాదా అయినా, ఆ సూత్రం నీడలోనే ఇప్పుడు పెండ్లి ఫొటోల ఫిర్యాదులు నడుస్తున్నాయి. కేరళలో ఎర్నాకుళం జిల్లా కమిషను, పెండ్లి వీడియో అందించని సంస్థ మీద ఇటువంటి ఉత్తరువే ఇచ్చింది.

పాత చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చింది. దీని ప్రకారం మనం కాపురం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫొటోగ్రాఫరు బెంగుళూరువాడైనా సరే, అనంతపురంలో నివాసం ఉన్నవారు అనంతపురం జిల్లా కమిషనులోనే అడగవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. తగాదా పుట్టిన రెండేళ్ళలోపల వెళ్ళాలి. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తి దగ్గరకు పంపే ఏర్పాటు కూడా ఉంది. సలహా కావలసినవారికి 1915 అనే ఫోను నంబరు ఉండనే ఉంది.

ఇదంతా చదివి ఫొటోగ్రాఫర్ల మీద కత్తి నూరవద్దు. వాళ్ళ బాధ వాళ్ళకు ఉంది. సరిగ్గా తాళి కట్టే వేళకు మేనమామలూ బావమరుదులూ సెల్‌ఫోన్లు ఎత్తి గోడలాగా నిలబడితే, వెనక ఉన్నవాడు ఎవరి ఫొటో తీస్తాడు? వీపులే వస్తాయి. ఇక ఎగ్గొట్టిన బాకీలు సరేసరి. సేవ కొనుక్కున్నవారిదే గాని అమ్మినవారిది కాదు గనుక వినియోగదారుల కమిషను అతని బాకీ వసూలు చేసి పెట్టదు. పని పూర్తయిన మూడేళ్ళలోగా సివిలు కోర్టులో దావా వేసుకోవాలి. పది ఇరవై వేల కోసం ఎవరు తిరుగుతారు? అందుకని ఆల్బమునే తాకట్టులాగా పట్టుకుంటాడు. డబ్బూ వస్తువూ ఒకేసారి చేతులు మారాలని అనుకున్నప్పుడు, అవతలివాడు సిద్ధంగా లేకపోతే తానూ ఇవ్వనక్కరలేదని కాంట్రాక్టు చట్టం 51వ సెక్షను కూడా అతని పక్షానే ఉంది.

ఇట్లాంటి తగాదా ఒకటి నా దగ్గరకే వచ్చింది. నా శిష్యుడి అక్క పెండ్లి. బయానా పోగా తక్కిన సొమ్ము కాయలు అమ్మినాక ఇస్తామన్నారు. ఆ ఏడు కాయలు లేవు. ఎనిమిది నెలలకు ఎట్లాగో డబ్బు కూర్చుకొని పోతే, ఆల్బం అయితే చేతికి వచ్చింది గాని వీడియో దాచిన డిస్కు చెడిపోయింది. అందులో నలుగునాడు పిల్ల జేజి పాడిన పాటలు ఉన్నాయి. ఈలోగా జేజి కాలం చేసింది. అక్షరం రాని ఆ ముసలామెకు ఊళ్ళో పెండ్లిపాటలన్నీ నోటికి వచ్చునని ప్రతీతి.

ఇద్దరినీ మా ఇంటికి పిలిపించాను. “దుడ్లు ఈలేదని ఆల్బం పెట్టుకున్యాడు సార్, అది న్యాయమే. పోగొట్టేది గూడా న్యాయమేనా?” అన్నాడు తండ్రి.

“ఎనిమిది నెల్లు ఎదురు చూసినాను సార్. డిస్కు చెడిపోతే నేనేం జేసేది? అప్పుడే లెక్క తేల్చింటే అప్పుడే ఇచ్చేసిందును గదా” అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఇద్దరి మాటా అబద్ధం కాదు. నాకు తోచినది చెప్పాను: వస్తువును ఆపి ఉంచే హక్కు ఉన్నవాడికి దానిని భద్రంగా ఉంచే బాధ్యత కూడా ఉంటుంది. రెండో చోట ఒక నకలు పెట్టుకొని ఉంటే సరిపోయేది. కమిషనుకు పోతే పరిహారం రావచ్చు, కాని రాతకోతలు లేవు గనుక ఎవరు ఏమి ఒప్పుకున్నారో తేల్చటానికే వాయిదాలు గడుస్తాయి. చివరకు వీడియో సొమ్ము వాపసు ఇవ్వటానికి అతను ఒప్పుకున్నాడు. తండ్రి ఆ నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

తరువాత ఆ శిష్యుడు తన తల్లి చేత జేజి పాటలు చెప్పించి, నోటుపుస్తకంలో రాసుకొని నాకు తెచ్చి చూపించాడు. రెండు పాటలు సగంలో ఆగిపోయాయి. తక్కిన సగం ఆ తల్లికి రాదు.

కనుక పిల్లలకు పెండ్లి చేయబోయేవారికి నా మనవి ఒక్కటే. కాగితం రాసుకోండి. “ఎరిగినవాడే గదా, కాగితం అడిగితే ఏమనుకుంటాడో” అనే మొహమాటం వద్దు. కాగితం అనుమానానికి గుర్తు కాదు, జ్ఞాపకశక్తికి సాయం. ఏ రోజున ఏ వేళకు ఎవరు స్వయంగా వస్తారు, ఏయే ఘట్టాలు తప్పకుండా తీయాలి, ఆల్బంలో ఎన్ని పుటలు, ఎన్నాళ్ళలో ఇస్తారు, డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలి, పంట పోతే ఎంత గడువు, అసలు ఫైళ్ళు ఎన్నాళ్ళు ఎన్ని చోట్ల దాస్తారు — ఇంతే. అర పేజీ చాలు. కాగితం రాయలేకపోతే ఫోనులోనైనా సందేశం పంపి, అవునని జవాబు తీసుకోండి. డబ్బు చెల్లించిన రసీదులూ, ఆ సందేశాలూ న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లుతాయి.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకొక మాట. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద తొలి హక్కు తీయించుకున్నవారిదే, తీసినవారిది కాదు. మీ అమ్మాయి ఫొటోను స్టూడియో అద్దాల బీరువాలోనో, ఇంటర్నెట్టులోనో ప్రదర్శించాలంటే మిమ్మల్ని అడగాలి. మీకు ఇష్టం లేకపోతే ఆ మాట కూడా ఆ అర పేజీలోనే చేర్చండి.

శుభలేఖ అచ్చుకు ఇచ్చేటప్పుడు ప్రతి అక్షరం నాలుగుసార్లు సరిచూస్తాం. పెద్దల పేర్లలో దీర్ఘం పోయిందేమోనని కంగారుపడతాం. ఆ రోజునే ఇంకొక పావుగంట కూర్చొని ఈ కాగితం కూడా రాయించండి. ఆ పావుగంటకు పంచాంగం చూడనక్కరలేదు.