తల గాయం డిశ్చార్జితో ముగియదు

తలకు దెబ్బ తగిలిన మనిషి కళ్లు తెరిచి నాలుగు మాటలు మాట్లాడితే చాలు, ఇంటిల్లిపాదీ దేవుడికి దండం పెట్టుకుంటారు. ఆసుపత్రి కూడా అక్కడితో ఫైలు మూసేస్తుంది. అలా మూయకూడదన్నదే నా వాదన.

మా తమ్ముడికి సూర్యాపేటలో హార్డ్‌వేర్ షాపు ఉంది. విజయవాడ హైవే మీద లారీ తగిలి బండి మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ హ్యాండిల్‌కు తగిలించి ఉంది, తలకు లేదు. స్పృహ వచ్చాక ఆసుపత్రిలో పెన్ను, వాచీ, దువ్వెన చూపించి పేర్లు అడిగారు. అన్నీ చెప్పాడు. మాట బాగుందని కాగితం మీద రాసి పంపించారు.

షాపులో కూర్చున్నాక అసలు సంగతి బయటపడింది. బేరం కుదరని గిరాకీ “మల్లొస్త” అని వెళ్లిపోతే, వీడు ఆ సామాను మూట గట్టి, రాత్రి దాకా షట్టరు దించకుండా ఎదురుచూసేవాడు. “ధర జర చూడు” అంటే ధరల కాగితం తీసి చూపించేవాడు. ఒకరు మేకులు, ఒకరు పైపులు, ఇంకొకరు పాత బాకీ లెక్క ఒకేసారి అడిగితే కొయ్యబారిపోయేవాడు. లేదంటే గయ్యిమనేవాడు. ఎవరి ఖాతాలో ఎంత ఉందో నోటికి చెప్పిన మనిషి! బజారులో కొందరు పొగరన్నారు, కొందరు పొద్దున్నే తాగుతున్నాడన్నారు. “అక్కా, నలుగురు ఒక్కసారి మాట్లాడితే మాటలు ఇనొస్తయ్ గని, ఎవలేమంటున్నరో పట్టుకోరాదు” అన్నాడొకరోజు. ఏ రిపోర్టులోనూ లేని విషయం ఆ ఒక్క మాటలో ఉంది.

ప్రమాదంలో తల వేగంగా ఊగి ఆగినప్పుడు పుర్రె లోపల మెదడు కదులుతుంది, దాని భాగాలను కలిపే సన్నని నరాల పోగులు సాగి తెగుతాయి. చాలాసార్లు సీటీ స్కాన్‌లో ఇది కనిపించదు. నుదుటి వెనుక భాగం దెబ్బతింటే పదాలు పోకపోవచ్చు. ధ్యాస నిలవదు, విన్నది గుర్తుండదు, ఎదుటివారు పైకి చెప్పనిది అందదు. వైద్యులు దీన్ని కాగ్నిటివ్ కమ్యూనికేషన్ డిజార్డర్ అంటారు. పక్షవాతంతో మాట పడిపోయినవారిని చూస్తే మనకు జాలి కలుగుతుంది. వీళ్లను చూస్తే కోపం వస్తుంది, ఎందుకంటే మాట్లాడగలరు కదా!

మెదడు దెబ్బతిని మాట పడిపోయే అఫేసియాను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది, సంతోషం. కానీ వస్తువుల పేర్లన్నీ గడగడా చెప్పేవాడు ఏం చూపించి సర్టిఫికెట్ అడగాలి?

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో గాయపడ్డవారు 4.43 లక్షల మంది. వాళ్లలో తలకు దెబ్బ తగిలినవారు కూడా పోలీసులకు, తర్వాత పరిహారం ట్రిబ్యునల్‌కు జరిగింది వరుసగా చెప్పుకోవాలి. ముందుది వెనక, వెనకది ముందు చెబితే అబద్ధమనుకుంటారు. ఆస్ట్రేలియాలో లియాన్ టోగర్ బృందం ఇలాంటివారితో ఎలా మాట్లాడాలో పోలీసులకే శిక్షణ ఇచ్చి చూసింది. శిక్షణ పొందిన పోలీసులతో వీళ్ల ఫోన్ సంభాషణలు తిన్నగా సాగాయని 2004లో ప్రచురించింది. రోగి ఒక్కడికే కాకుండా ఇంట్లోవాళ్లకు కూడా కలిపి నేర్పితే ఫలితం ఎక్కువని అదే బృందం ఆ తర్వాత చూపింది.

మా మరదలికి ఎవరూ నేర్పలేదు. టీవీ ఆపేసి మాట్లాడటం, ఒకసారికి ఒకే సంగతి చెప్పడం, గిరాకీ అడిగింది చీటీ మీద రాయించడం తనే కనిపెట్టుకుంది. ఇప్పుడు షాపు నడుస్తోంది. ఇవి డిశ్చార్జి రోజే ఎవరో ఒకరు చెప్పి ఉంటే బజారులో అన్ని మాటలు పడే బాధ తప్పేది.

తలకు బలమైన గాయమైన ప్రతి ఒక్కరినీ ఇంటికి పంపే ముందు, కొన్ని నెలల తర్వాత మరోసారి, స్పీచ్ థెరపిస్టు పరీక్షించాలి. అది కూడా పెన్ను, వాచీలతో కాదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడిస్తూ. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పెద్దలకు ఈ సేవ అందేలా చూడమని రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాను. చదువుతున్న మీకు కూడా ఒక విన్నపం. మీ బజారులో ఇలాంటివారు ఉంటే ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, కావలసింది సూటిగా అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.