మీ పేదరికం కబుర్లు కట్టిపెట్టండి

మొన్న మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో పెళ్ళి. భోజనాల దగ్గర నా ఎదురుగా రిటైరైన అధికారి ఒకాయన కూర్చున్నారు. మాటల్లో శాంతా సిన్హా పేరు వచ్చింది. ఆయన విస్తట్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పేశారు. "మహాతల్లండీ, ఎంత సేవ! కానీ పేదరికం పోకుండా పిల్లల్ని పనిలోంచి తీసి బడికి తోలితే వాళ్ళింట్లో పొయ్యెట్ల వెలుగుతది?" పక్కనున్నాయన ఇంకో మెట్టెక్కాడు. "ఆమె కాగితాలన్నీ దాచిపెట్టాలంటున్నరట. అవార్డులు, ఉపన్యాసాలు దాస్తే చాలదా? సర్వే ఫారాలు, క్యాంపు రిజిస్టర్లు ఎవడు చదువుతడు సార్?"

అక్కడ ఏమీ అనలేదు. పెళ్ళివారి పరువు సంగతి. ఇక్కడ అంటాను.

ముందు ఆ "మహాతల్లి" సంగతి తేలుద్దాం. శాంతా సిన్హా 1950లో నెల్లూరులో పుట్టారు. ఉస్మానియాలో ఎం.ఏ., 1976లో జెఎన్‌యూ నుంచి పీహెచ్‌డీ, ఆ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం ఆచార్యులు. 1989లో ఆంధ్రప్రదేశ్ మావోయిస్టుల మీద పుస్తకం వేశారు. ఇదే చరిత్ర ఒక మగాయనకు ఉంటే మనం ఏమంటాం? మేధావి అంటాం, సిద్ధాంతకర్త అంటాం, ఆయన వాదాన్ని ఒప్పుకునో కాదనో నాలుగు వ్యాసాలు రాస్తాం. ఆడమనిషి అయ్యేసరికి అమ్మ, సేవామూర్తి, కరుణామయి. అమ్మతో ఎవరూ వాదించరు. ఆమె చెప్పింది వినరు కూడా. శాలువా కప్పి, ఫొటో దిగి, కారెక్కుతారు. మన సన్మాన సభలంత తెలివైన ఏర్పాటు ప్రపంచంలో ఇంకోటి ఉండదేమో. మనిషిని పొగిడినంతసేపూ ఆమె మాటకు జవాబు చెప్పే పని తప్పుతుంది. 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చినప్పుడు ఊరంతా మనమ్మాయే అంది. అదే మనిషి 2017లో, సంక్షేమ పథకాలకు ఆధార్ తప్పనిసరి చేయడం కుదరదని సుప్రీంకోర్టుకు ఎక్కినప్పుడు ఆ శాలువాలవాళ్ళు ఎందరు వెంట నిలిచారు?

ఆమె సేవ చేయడానికి పల్లెకు పోలేదు. 1980ల చివర్లో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని శ్రామిక విద్యాపీఠం తరఫున రంగారెడ్డి జిల్లా ఊళ్ళల్లో వెట్టి కూలీలతో పనిచేశారు. వెట్టిని రద్దు చేసిన చట్టం 1976లోనే వచ్చింది. చట్టం ఢిల్లీలో ఉంది, జీతం ఊళ్ళో ఉంది. ఈ జిల్లాలో జీతం అంటే నెల తిరిగేసరికి చేతికొచ్చేది కాదని పాతతరం వాళ్ళకు తెలుసు. అప్పు కింద కొడుకును ఆసామి దగ్గర పెట్టడం, ఉగాదికి ఉగాదికి లెక్క చూసుకోవడం, ఆ లెక్క ఎన్ని ఉగాదులైనా తెగకపోవడం. ఆ జీతగాళ్ళలో పసులు కాసే పిల్లలూ ఉన్నారు. పెద్దవాళ్ళ కూలి గురించి మాట్లాడుతూ ఈ పిల్లల్ని దాటిపోవడం కుదరదని అక్కడ తేలింది. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో పెట్టిన ఫౌండేషన్ 1991 నుంచి పిల్లల కోసం పనికి దిగింది. ఈ చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఊళ్ళే దాని బడి.

ఇప్పుడు అసలు కబురు, పేదరికం.

పేదరికం వల్లే పిల్లలు పనికి పోతున్నారన్న మాట మనవాళ్ళకు అంత ఎందుకు నచ్చింది? అందులో తప్పు ఎవరిదీ కాదు గనక. సర్కారుది కాదు, బడిది కాదు, తెల్లారుజామున పిల్లను తోటకు పిలిచిన రైతుది కాదు, ఫామ్‌హౌస్ గేటుకు చిన్నపిల్లను కాపలా పెట్టినాయనది అసలే కాదు. అంతా పేదరికానిదే, దాని మీద కేసు పెట్టలేం. ఇంతకీ ఈ మాట పేదవాళ్ళ నోట నేను విన్నది తక్కువ. "నా బతుకు ఎట్లనో అట్ల ఎళ్ళింది, పోరని బతుకు బాగుండాలె" అనేదే వాళ్ళు చెప్పే మాట. పేదవాడికి పిల్లవాడి కూలి కావాలన్న సిద్ధాంతం పుట్టేదీ పెరిగేదీ కడుపునిండిన ఇళ్ళల్లోనే.

అందుకే అడుగుతున్నా, జవాబు చెప్పండి. ఒకే వాడ. అవే గుడిసెలు, అదే కులం, అంతే భూమి, అంతే అప్పు. ఒక ఇంటి పిల్ల బడికి పోతుంది, పక్కింటి పిల్ల చామంతి తోటకు పోతుంది. పేదరికమే కారణమైతే ఇద్దరూ తోటలోనే ఉండాలి కదా? సర్వే ఫారాలు ఎవడు చదువుతడు అన్నాయనకు ఇదే నా జవాబు. ఇంటింటికీ తిరిగి ప్రతి పిల్ల పేరు, వయసు, బడికి పోతోందా, పోకపోతే ఏం చేస్తోంది అని రాసుకున్న కాగితం ఉంటే ఈ ప్రశ్న గాలిలో ఉండదు. పక్కపక్క గడపలు పక్కపక్క గీతల్లో కనిపిస్తాయి.

పోనీ, లెక్కలంటే ఇష్టమైన అధికారి గనక లెక్కే చెప్తాను. 1991 జనాభా లెక్కల్లో దేశంలో ఎక్కువ మంది బాలకార్మికులున్న రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, దాదాపు 16.6 లక్షలు. ఆ అంకెలోకి ఎక్కనివాళ్ళు మరెందరో. చెల్లెను చంకనేసుకుని, నీళ్ళు మోసి, వంట చేసి, అమ్మ కూలికి పోతే ఇల్లంతా నెట్టుకొచ్చే పదేళ్ళ పిల్ల సర్కారు లెక్కలో కార్మికురాలు కాదు. బడిపిల్లా కాదు. ఏ గడిలోనూ పడదు. శాంతా సిన్హా, ఆమె వెంట ఉన్న కార్యకర్తలు ఈ గడినే పగలగొట్టారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, అపాయం లేని బాలల పని అంటూ లేదు, పనిని నియంత్రిస్తాం, కొంచెం కొంచెం తగ్గిస్తాం అనే చట్టం ఒప్పుకోం, బాలకార్మికత్వాన్ని సమర్థించే ఏ సాకునైనా ఖండించాలి. ఇవీ వాళ్ళ సూత్రాలు. చివరిది మళ్ళీ చదవండి. మన పెద్దమనిషి "కానీ" అన్నది ఆ సూత్రం ఎదుటే.

అదే 1991లో అమెరికన్ పండితుడు మైరన్ వీనర్ భారతదేశంలో బాలలు, రాజ్యం మీద తన పుస్తకం తెచ్చాడు. పిల్లలు బడిలో లేకపోవడానికి మూలం దేశం పేదరికంలో లేదు, అధికారుల, చదువుకున్న మధ్యతరగతి నమ్మకాల్లో ఉంది అన్నాడు. అందరికీ చదువెందుకు అనుకునే నమ్మకం. మనకంటే ధనికం కాని దేశాలు, మన దేశంలోనే కేరళ, ముందే పిల్లల్ని బడిలో పెట్టాయని చూపించాడు. తెల్లాయన రాస్తే సెమినార్లు పెట్టాం. చేవెళ్ల ఊళ్ళల్లో చేసి చూపిస్తే సేవ అన్నాం.

చేసి చూపించడం ఎలాగో కొంచెం దగ్గర్నుంచి చూడండి. మూడేళ్ళు పసులు కాసిన పదేళ్ళ పిల్లవాడిని బడికి తెస్తే ఎక్కడ కూర్చోబెడతారు? ఒకటో తరగతిలో ఆరేళ్ళ బుడతల పక్కన పెడితే మర్నాటికి సిగ్గుతో మాయం. ఐదులో పెడితే అక్షరం ముక్క రాదు. అప్పట్లో హెడ్‌మాస్టరు అడిగేవి పుట్టినతేదీ కాగితం, పాత బడి టీసీ, జూన్ దాటితే వచ్చే ఏడు రమ్మనే మాట. తండ్రికి సంతకం రాదు. ఆ గుమ్మం దగ్గరే సగం మంది వెనక్కి తిరిగేవారు. దాన్ని మనం పేదరికం అని రాసుకున్నాం. ఫౌండేషన్ వాళ్ళు బ్రిడ్జి కోర్సు క్యాంపులు పెట్టారు. పిల్లలు అక్కడే ఉండి, తిని, ఆడి, కొన్ని నెలల్లో తమ వయసుకు తగిన తరగతికి సిద్ధమయ్యేవారు. ఆడపిల్లల కోసం చేవెళ్ల మండలం ఆలూరులో క్యాంపు నడిచింది. అక్కడ్నుంచి సర్కారు బడికి, సంక్షేమ హాస్టలుకు. సర్కారు టీచర్లే బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఇల్లిల్లూ తిరిగారు. ఇందులో అద్భుతం ఏముంది? ఒక్కో పిల్ల పేరు పట్టుకుని, బడి మానితే మళ్ళీ ఆ ఇంటికి పోవడం. విసుగు పుట్టించే పని. అందుకే దాని ఆనవాళ్ళు ఉపన్యాసాల్లో దొరకవు, హాజరు పట్టీల్లో దొరుకుతాయి.

పిల్లల కూలి పోతే ఇల్లు కూలుతుందన్న భయానికి ఫౌండేషన్ వాళ్ళు చెప్పే జవాబు తిరకాసుగా ఉంటుంది కానీ నిజం. పిల్లలు చవకగా దొరికినంతకాలం పెద్దలకు కూలి పెరగదు. చేవెళ్ల చామంతి, బంతి, క్యారెట్టు హైదరాబాదుకు పోవాలంటే ఎవరో ఒకరు కోయాలి. చిన్న చేతులు లేకపోతే తల్లి చేతులే కోస్తాయి, తల్లి కూలి అడుగుతుంది. ఆ అడగడం ఇష్టంలేనివాళ్ళే పిల్లల ఆకలి గురించి ఎక్కువ బాధపడతారు.

తాతగారి సంగతి ఒకటి చెప్పాలి, దారి తప్పుతున్నా సరే. మామిడిపూడి వెంకటరంగయ్య ఆంధ్ర స్వాతంత్ర్య పోరాట పత్రాలను నాలుగు సంపుటాలుగా సంకలనం చేశారు. మొదటిది 1965లో వచ్చింది. ఆ పత్రాల్లో కలెక్టర్ల రహస్య నివేదికలు, పోలీసు రిపోర్టులు ఉన్నాయి. అవి చరిత్ర అని ఎవరూ సందేహించలేదు. తెల్లదొర రాసిన రిపోర్టు చరిత్ర అయినప్పుడు, మొయినాబాద్ మండలంలో ఒక కార్యకర్త ఫలానా ఇంటి పిల్ల ఇవాళ బడికి రాలేదు, రేపు పోవాలి అని రాసుకున్నది ఎందుకు కాదు? స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో "మనకు తెలియని మన చరిత్ర"లో తెలంగాణ సాయుధ పోరాటపు ఆడవాళ్ళ మాటలు ప్రచురించేదాకా ఆ మాటలూ చరిత్ర కావనే అనుకున్నారు. శాంతా సిన్హా చేసిన పనికి సంబంధించిన కాగితాలు దాచాలంటే ముందు దాచాల్సినవి ఇవే. పతకాలు ఇత్తడి, అవి ఎటూ పోవు.

పని నేర్పకపోతే వృత్తులు పోతాయి అనే ఇంకో వాదన ఉంది. అలా అనేవాళ్ళ పిల్లల్లో ఎవరైనా కుమ్మరి సారె పట్టారేమో చూసి వచ్చి మాట్లాడండి. సర్కారు బళ్ళు బాగాలేవు గదా అంటారు, బాగుచేయించండి.

2016లో బాలకార్మిక చట్టానికి చేసిన సవరణ మాత్రం అంత తేలిగ్గా వదలను. అపాయం లేని కుటుంబ సంస్థల్లో బడివేళ తర్వాత, సెలవుల్లో పిల్లలు సాయం చేయొచ్చట. కుటుంబం అంటే మన దేశంలో కులవృత్తి అని పార్లమెంటులో తెలియనివారు ఉన్నారా? బడి తర్వాత అంటే తోటలో ఎన్ని గంటలో ఎవరు లెక్కపెడతారు? బంతిపూల రోజుల్లో, బతుకమ్మ ముందు, ఏ ఇన్‌స్పెక్టరు ఏ చేను గట్టు మీద నిలబడి ఇది కుటుంబ సాయమా కూలా అని తేలుస్తాడు? పేదరికం కబురుకు చట్టం రూపం ఇస్తే ఇలాగే ఉంటుంది. 2007 నుంచి 2013 దాకా జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలుగా ఉన్న శాంతా సిన్హా ఏ సాకులు ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పారో, వాటిలో పెద్దదాన్ని ఆమె పదవి దిగిన మూడేళ్ళలో చట్టంలోకి ఎక్కించారు.

ఇప్పుడు చేవెళ్ల రోడ్డు మారిపోయింది. మర్రిచెట్ల నీడ దాటితే రెండువైపులా ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, కాలేజీలు. ఈ ఊళ్ళ సొంత పిల్లలు చాలామటుకు బడిలో ఉన్నారు. గేట్ల దగ్గర ఉన్నవాళ్ళు వేరే జిల్లాల, వేరే రాష్ట్రాల పిల్లలు. ఆ పెళ్ళిరోజున కూడా పదకొండేళ్ళు ఉండొచ్చు, ఒక పిల్ల, చంకలో తమ్ముడు, ఇంకో చేత్తో ఇనుపగేటు లాగుతూ వచ్చిన ప్రతి కారుకూ తెరిచింది. పనిరోజు, బడివేళ. లోపల పేదరికం మీద చర్చ నడుస్తోంది. వాచ్‌మన్ కుటుంబానికి ఒక గది, కొంత జీతం ఇచ్చి, ఆ జీతంలోనే పిల్ల పని కూడా కలిపి పుచ్చుకుంటున్నారు. ఇది పేదరికం కాదు, బేరం.

ఏం చేయాలంటారా? ఆ సర్వే కాగితాలు, క్యాంపు రిజిస్టర్లు ఎక్కడున్నా ఊరివారీగా విడదీసి, తెలుగులోనే, చేవెళ్లలో ఎవరైనా కూర్చుని చదువుకునేలా ఉంచాలి. పిల్లల పేర్లు బయటపడకుండా జాగ్రత్తపడాలి. టీచర్ల శిక్షణలో వాటిని పాఠంగా పెట్టాలి. వివరాలు తెలిసినవాళ్ళు కూర్చుని తేల్చుకోవచ్చు.

అంతవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ ఉన్న మిత్రులు మీకూ ఉండే ఉంటారు. ఈసారి పోయినప్పుడు వాచ్‌మన్ పిల్లలు ఏ బళ్ళో ఉన్నారో అడగండి. ఏ బళ్ళోనూ లేకపోతే దగ్గరి సర్కారు బడికి మీరే తీసుకుపోండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదని, టీసీ రాలేదని, అడ్మిషన్ల గడువు దాటిందని పిల్లను వెనక్కి పంపే అధికారం ఆ హెడ్‌మాస్టరుకు లేదు.